రసీదు లేని రూపాయి బయటికి పోవద్దు: కరీంనగర్ గ్రానైట్ యూనిట్‌లో లంచ నిరోధక పద్ధతి పెట్టిన అనుభవం

కరీంనగర్ టాన్ బ్రౌన్ రకం గ్రానైట్ స్లాబులు కొనే బ్రిటన్ కంపెనీ ఒకటి కొత్త ఆర్డర్‌తో పాటు ఒక ప్రశ్నావళి పంపింది. లంచం ఇవ్వకుండా మీ సంస్థలో ఏం కట్టుదిట్టాలున్నాయి, లైసెన్సు పనులు చేసే ఏజెంట్లను ఎట్లా ఎంచుకుంటారు, ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చే బహుమతులు ఎక్కడ రాస్తారు, లోపల తప్పు జరిగితే ఉద్యోగి ఎవరికి చెప్పుకోవాలి అని అందులో అడిగారు. జవాబుల కింద పార్ట్‌నర్ సంతకం, వాటితో పాటు కాగితాల ఆధారం కావాలన్నారు. ఆ యూనిట్ కరీంనగర్ పక్కనే ఉంటుంది, బ్లాకులు కోసి పాలిష్ చేసి ఎగుమతి చేస్తుంది. అది ఒక పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్. దాని లెక్కలు చూసేది హనుమకొండలోని మా ఆఫీసు కాబట్టి ఆ పని మాకు వచ్చింది. మొదటి నుంచి చివరిదాకా అది ఎట్లా నడిచిందో రాస్తున్నాను. రైసు మిల్లు, జిన్నింగ్ మిల్లు, క్రషర్, పవర్‌లూమ్ షెడ్డు, ఏది నడిపేవాళ్లకైనా ఇందులో తొంభై పాళ్లు అట్లాగే పనికొస్తుంది.

ఇటువంటి ప్రశ్నావళి రాగానే ఎవరిదో పాలసీ తెచ్చి, పేరు మార్చి, లెటర్‌హెడ్ మీద కొట్టి పంపేవాళ్లున్నారు. అది ప్రమాదం. ఆచరణలో లేని కాగితం మీద సంతకం పెట్టడమంటే, రేపు ఏదైనా జరిగినప్పుడు తెలిసీ తప్పుడు మాట ఇచ్చామని మనమే రాసిచ్చినట్టు. బ్రిటన్‌లో 2010లో చేసిన బ్రైబరీ చట్టం 2011 జూలై 1 నుంచి అమల్లో ఉంది. తన తరఫున పనిచేసేవాళ్లు ప్రపంచంలో ఎక్కడ లంచం ఇచ్చినా అక్కడి కంపెనీ జవాబు చెప్పుకోవాలి. ఆపడానికి తగిన పద్ధతులు ముందునుంచే ఉన్నాయని నిరూపించుకుంటేనే బయటపడుతుంది. అందుకే ఆ కంపెనీలు సరుకు పంపేవాళ్లను కూడా తవ్వి తవ్వి అడుగుతాయి.

మన చట్టం కూడా 2018లో ఇదే దారికి వచ్చింది. 1988 నాటి అవినీతి నిరోధక చట్టానికి చేసిన సవరణ 2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మన దగ్గర చర్చంతా తీసుకున్నవాడి గురించే నడిచేది. ఇప్పుడు సెక్షన్ 8 కింద ఇచ్చినవాడికీ ఏడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. నేరుగా ఇచ్చినా మధ్యవర్తి చేత ఇప్పించినా తేడా లేదని చట్టమే చెప్పింది. సెక్షన్ 9 సంస్థ గురించి. సంస్థకు సంబంధించిన వ్యక్తి ఎవరైనా, వ్యాపారం దక్కడానికో వ్యాపారంలో ఏదైనా లాభం దక్కడానికో లంచం ఇస్తే సంస్థకు జరిమానా. సంబంధించిన వ్యక్తి అంటే జీతగాడొక్కడే కాదు. సంస్థ కోసం పనిచేసే ఏజెంట్, పోర్టులో ఎగుమతి కాగితాల పని చూసే కస్టమ్స్ బ్రోకర్, ట్రాన్స్‌పోర్టర్ అందరూ వస్తారు. జీతగాడైతే, కాదని రుజువయ్యేదాకా సంస్థ తరఫునే చేశాడని అనుకుంటారు. సంస్థ అంటే లిమిటెడ్ కంపెనీ మాత్రమే అనుకోవద్దు, పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ కూడా అందులో ఉంది. ఇక సెక్షన్ 10. బాధ్యుల సమ్మతితోనో, తెలిసి ఊరుకోవడం వల్లనో ఇది జరిగిందని కోర్టులో రుజువైతే వాళ్లకు మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు. ఫర్మ్ విషయంలో డైరెక్టర్ అన్న మాటకు పార్ట్‌నర్ అని అర్థం. ఈ ఒక్క వాక్యం చదివి వినిపించాక యూనిట్ పార్ట్‌నర్లు పనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు.

అందరికీ వచ్చే అనుమానం ఒకటుంది. "మనం అడ్డదారి పని చేయించుకోవట్లేదు కదా, న్యాయంగా రావలసిన కాగితం తొందరగా రావాలని ఇస్తే అది కూడా లంచమేనా?" అంటారు. లంచమే. సెక్షన్ 7లో ఇచ్చిన ఉదాహరణే అది. రేషన్ కార్డు దరఖాస్తు సకాలంలో కదిలించడానికి ఐదు వేలు అడిగిన ఉద్యోగి నేరస్థుడని అక్కడ స్పష్టంగా రాసి ఉంది. పని న్యాయమైనదన్న మాట ఆ సొమ్ముకు రక్షణ కాదు. బ్రిటన్ చట్టంలోనూ చిన్న మొత్తాలకు, తొందర ఖర్చులకు మినహాయింపు లేదు.

సెక్షన్ 9 సంస్థకు ఒక దారి వదిలింది. తన మనుషులు లంచం ఇవ్వకుండా ఆపడానికి, ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం తగిన పద్ధతులు పెట్టుకున్నానని సంస్థ నిరూపించుకోవచ్చు. నిరూపించే భారం సంస్థదే. చట్టం మారి ఏళ్లు గడిచినా ఆ మార్గదర్శకాలు మాత్రం రాలేదు. ఇది చిన్న సంస్థలకు నిజంగా అన్యాయం. బాధ్యత నెత్తిన పెట్టి దారి చూపకపోవడం సరికాదు. మేము అందుకని బ్రిటన్ ప్రభుత్వం 2011లో ఇచ్చిన ఆరు సూత్రాల మార్గదర్శిని, లంచ నిరోధక నిర్వహణకు ఉన్న ఐఎస్ఓ 37001 ప్రమాణాన్ని పక్కన పెట్టుకుని మొదలుపెట్టాం. సర్టిఫికెట్ కోసం పోలేదు. ఆ స్థాయి యూనిట్‌కు దాని ఖర్చు దండగ.

పని మొదలైంది క్యాష్‌బుక్‌తో. లంచం ఏ లెడ్జర్‌లోనూ లంచమనే పేరుతో ఉండదు. ఆఫీసు ఖర్చులు, టీ ఖర్చులు, లైజన్ (ఆఫీసుల చుట్టూ తిరిగే పని), దారి ఖర్చు, పూజ, చందాలు, సుండ్రీ (చిల్లరమల్లర ఖర్చులు), ఇట్లాంటి పద్దుల్లో వెతకాలి. గడిచిన రెండు ఆర్థిక సంవత్సరాల నగదు ఓచర్లన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించి మూడు రకాలుగా వడపోశాం. మొదట, బిల్లు లేకుండా గుండు సున్నాలతో ఉన్న మొత్తాలు: 2,000, 5,000, 10,000. నిజమైన ఖర్చు 4,837 రూపాయలుగా వస్తుంది గానీ అన్నిసార్లూ సరిగ్గా 5,000గా రాదు. తర్వాత, తేదీలు. తనిఖీ జరిగిన రోజుకు, లైసెన్సు చేతికొచ్చిన రోజుకు రెండు మూడు రోజుల అటూ ఇటూ ఉన్న నగదును విడిగా తీశాం. చివరగా, ఒకే మనిషి పేరున 10,000కు కొంచెం లోపల ముక్కలు చేసి రాసిన చెల్లింపులు. ఒక రోజులో ఒక్కరికి 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయ పన్ను లెక్కలో ఆ ఖర్చు ఒప్పుకోరు. లారీల వాళ్లకైతే ఆ హద్దు 35,000. అందుకని ముక్కలు చేస్తారు. ఇక నేరమైన పనికి పెట్టిన ఖర్చును ఏ పద్దులో రాసినా పన్నులో తగ్గించుకోవడానికి వీల్లేదు. అంటే లంచం ఇచ్చి దాన్ని ఖర్చుగా రాస్తే పన్ను చట్టం కింద ఇంకో తప్పు తోడవుతుంది.

నగదు కంటే పెద్ద సంగతి ఏజెంట్ల బిల్లుల్లో ఉంటుంది. ఒక బిల్లును దగ్గరగా చూడండి. "లైసెన్సు రెన్యూవల్ పని నిమిత్తం, మొత్తం 85,000" అని ఒకే వరుస. పోర్టల్‌లో చూస్తే ఆ పనికి ప్రభుత్వ ఫీజు, ఉదాహరణకు, 22,000 ఉందనుకుందాం. డ్రాయింగులు, దరఖాస్తు నింపడం, రెండు మూడుసార్లు తిరగడం, అన్నీ కలిపి ఏ కన్సల్టెంట్ అయినా పాతిక వేలకు చేస్తాడు. మిగిలిన 38,000 దేనికి? బిల్లులో జవాబుండదు. అడిగితే "గవన్నీ నేను చూసుకుంట సార్, మీకెందుకు" అంటాడు. చట్టం దృష్టిలో ఆ "నేను చూసుకుంట" అన్న మాటే సంస్థకు ముప్పు. తెలియకుండా కళ్లు మూసుకోవడానికి అదనంగా డబ్బు ఇస్తున్నట్టు లెక్క.

తర్వాత యూనిట్‌కు ఏ ఏ ప్రభుత్వ చేతులతో పని పడుతుందో పెద్ద కాగితం మీద రాశాం. కాలుష్య నియంత్రణ మండలి, ఫ్యాక్టరీల శాఖ, కార్మిక శాఖ, గనుల శాఖ, తూనికలు కొలతల శాఖ, విద్యుత్ సంస్థ, గ్రామ పంచాయతీ, రవాణా శాఖ, ట్రాఫిక్ పోలీసు, జీఎస్టీ, కస్టమ్స్, పోర్టు, బ్యాంకు. ఫలానా శాఖ అడుగుతుందని కాదు, పని ఎక్కడెక్కడ ఆగే వీలుందో తెలియడానికే ఈ జాబితా. బ్యాంకును ఎందుకు రాశారని పార్ట్‌నర్లు అడిగారు. ప్రభుత్వ బ్యాంకు ఉద్యోగులు ఈ చట్టం కింద పబ్లిక్ సర్వెంట్లే. ప్రైవేటు బ్యాంకు ఛైర్మన్, ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ కూడా దీని కిందికి వస్తారని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. ప్రైవేటు కంపెనీ పర్చేజ్ మేనేజర్‌కు చాటుగా ఇచ్చే కమీషన్ మాత్రం మన అవినీతి నిరోధక చట్టంలోకి రాదు. బ్రిటన్ చట్టంలోకి వస్తుంది. కాబట్టి దాన్నీ జాబితాలో పెట్టాం.

ఒక్కో ఆఫీసు ఎదురుగా అక్కడ ఏ పని ఉంటుంది, చివరి తేదీ ఏది, మన వైపు ఏ లోపం ఉంది అని మూడు గడులు. ఈ మూడో గడి నింపడానికే అన్నిటికంటే ఎక్కువ శ్రమ పడ్డాం. ఎందుకంటే లంచం డిమాండ్ ఎక్కువగా గాలిలోంచి రాదు, మన లోపం మీదనే వచ్చి వాలుతుంది. పాలిషింగ్ షెడ్డును రెండు బేలు, అంటే రెండు స్తంభాల వరుసల మేర, పొడిగిస్తారు, ప్లాన్ మార్పు అనుమతి తీసుకోరు. రాయి కోసినప్పుడు వచ్చే బురద, అంటే స్లర్రీ, పోసే గుంత నిండితే పక్క జాగాలోకి వదులుతారు. కొత్త కటింగ్ మిషన్ పెడతారు, కరెంటు ఒప్పంద లోడు పెంచుకోరు. కాంట్రాక్ట్ కూలీల రిజిస్టర్ ఒక నెల రాసి మూడు నెలలు వదిలేస్తారు. కరెంటు కనెక్షన్ పాత యజమాని పేరున, ఫ్యాక్టరీ లైసెన్సు కొత్త ఫర్మ్ పేరున, జీఎస్టీలో ఇంకో స్పెల్లింగ్. తనిఖీకి వచ్చిన అధికారి వీటిలో ఒక్కటి పట్టుకున్నా, నోటీసు రాస్తే అయ్యే నష్టం ఎంత, రాయకుండా ఉండడానికి ఎంత అన్న బేరం మొదలవుతుంది. లోపం సరిదిద్దితే బేరానికి సరుకే ఉండదు. లంచ నిరోధక పద్ధతి అంటే ముందు ఇది, పాలసీ ఆ తర్వాత. పేర్లన్నీ ఒకటి చేయించడానికే పార్ట్‌నర్‌షిప్ డీడ్, పాన్, జీఎస్టీ సర్టిఫికెట్ జతచేసి శాఖ శాఖకూ విడిగా దరఖాస్తులు పెట్టాల్సి వచ్చింది. విసుగు పుట్టించే పనే, కానీ ఎక్కువ ఫలితం ఇచ్చింది అదే.

లారీల సంగతి విడిగా చెప్పాలి. క్వారీ నుంచి యూనిట్‌కు బ్లాకులు తెచ్చే ట్రాన్స్‌పోర్టర్లు ట్రిప్పు కిరాయితో పాటు "దారి ఖర్చు" అని ఇంకో మొత్తం తీసుకుంటారు. దానికి బిల్లుండదు. మూలం ఓవర్‌లోడ్. బరువు ఎక్కువుంటే మోటారు వాహనాల చట్టం ప్రకారం జరిమానా 20,000, దానిపైన అదనపు టన్ను టన్నుకు 2,000, ఎక్కువైన బరువు దింపాకే బండి కదలాలి. అంత జరిమానా ఎదురుగా ఉన్నప్పుడు దారిలో బేరం పుట్టడం ఖాయం. మేము చేసింది ఏమంటే, బ్లాకు బండెక్కక ముందే బరువు లెక్క కట్టించడం. టాన్ బ్రౌన్ ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. టేపుతో కొలిస్తే పొడవు 2.8 మీటర్లు, వెడల్పు 1.8, ఎత్తు 1.5 ఉన్న బ్లాకు 7.56 ఘనమీటర్లు అవుతుంది, అంటే 20.4 టన్నులు. గొడ్డలి దెబ్బలా ఎగుడుదిగుడుగా ఉన్న అంచులు కొంచెం తగ్గిస్తాయి గానీ, అదే బండి మీద రెండో బ్లాకు ఎక్కించవచ్చా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. బండి ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే లోడు. ఈ లెక్క ఒక చిన్న స్లిప్పు మీద రాసి సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి, ఆ స్లిప్పు ట్రాన్సిట్ పర్మిట్‌కు, వే బిల్లుకు జతచేయాలి. మూడింటిలో పరిమాణం ఒకటే ఉండాలి. యూనిట్ వేబ్రిడ్జి ముద్ర కూడా ఏటా వేయించాలి. 12 నెలల గడువు దాటిన వేబ్రిడ్జి తూకానికి విలువ లేదు, పైగా అదే ఇంకో లోపం. కిరాయి కొంత పెరిగింది, నిజమే. ట్రిప్పులు కూడా పెరిగాయి. దారి ఖర్చు పద్దు మాత్రం పూర్తిగా మూసేశాం.

గడువుల క్యాలెండర్ గోడ మీద వేశాం. ప్రతి అనుమతి పత్రంలో ఎన్ని రోజుల ముందు రెన్యూవల్‌కు పెట్టుకోవాలో షరతుల్లో రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ తేదీకి ఇంకో నెల ముందు మన తేదీ పెట్టాం. ఆఖరి వారంలో పెట్టే దరఖాస్తే లంచానికి తలుపు తీస్తుంది. ఎందుకంటే అప్పుడు ఆలస్యం ఖరీదు మనకూ తెలుసు, ఎదుటివాళ్లకూ తెలుసు. ఆన్‌లైన్‌లో పెట్టగలిగినవన్నీ ఆన్‌లైన్‌లోనే పెట్టాం. కొత్త మిషనరీ, విస్తరణ వంటి అనుమతులకు 2014 నాటి సింగిల్ విండో చట్టం, ఇప్పటి పేరు టీజీ-ఐపాస్, ఉంది. అక్కడ ప్రతి దశకూ గడువుంటుంది, ఫైలు ఎవరి దగ్గర ఎప్పటినుంచి ఆగిందో కనబడుతుంది. దరఖాస్తు పెట్టిన రోజున స్క్రీన్‌షాట్, చలానా, జతచేసిన కాగితాల పట్టిక ఒకే పీడీఎఫ్ చేసి దాచాలి. "ఫలానా కాగితం రాలేదు" అని నోటిమాటగా చెప్పినప్పుడు అది చూపిస్తే సంభాషణ అక్కడితో ఆగుతుంది.

ఏజెంట్లందరికీ కొత్త ఒప్పందాలు రాశాం. ప్రభుత్వ ఫీజు ఏదైనా యూనిట్ బ్యాంకు ఖాతా నుంచే, యూనిట్ లాగిన్‌తోనే కట్టాలి. ఏజెంట్ చేతికి ఆ డబ్బు పోదు. ఏజెంట్‌కు ఇచ్చేది పని ఫీజు మాత్రమే. డ్రాయింగ్ పూర్తికి ఇంత, దరఖాస్తు అప్‌లోడ్‌కు ఇంత, ప్రశ్నలకు జవాబులకు ఇంత అని దశలవారీగా, జీఎస్టీ బిల్లు మీద, టీడీఎస్ కోసి, ఖాతాలోకే. "పని అయితేనే ఇంత" అన్న పద్ధతి తీసేశాం. పని కావడం మీదే మొత్తం ఫీజు వేలాడితే, దాన్ని ఎట్లాగైనా చేయించమని మనమే పురమాయించినట్టు. మా అనుమతి లేకుండా పని ఇంకొకరికి అప్పగించకూడదు, లంచం ఇచ్చినట్టు తేలితే ఒప్పందం రద్దు, లెక్కలు అడిగితే చూపాలి. ఇవి రాయడం తేలిక. కూర్చొని ఒప్పించడం కష్టం. ఒకాయన సూటిగా చెప్పారు: "గిట్లయితే పని గాదు సార్. అందరు ఇస్తుండ్రు, మీ ఒక్కలకు రూల్ ఎట్ల నడుస్తది?" ఆయనకు సెక్షన్ 7ఏ చదివి వినిపించాం. తన పలుకుబడితోనో అక్రమ మార్గంలోనో పబ్లిక్ సర్వెంట్ చేత పని చేయిస్తానని సొమ్ము తీసుకునేవాడికీ మూడు నుంచి ఏడేళ్లు. మధ్యలో ఉన్నవాడికి ఏమీ కాదన్న నమ్మకం మన దగ్గర చాలా బలంగా ఉంది. ఆయన ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, వేరే కన్సల్టెంట్‌ను చూసుకున్నాం.

అడిగినప్పుడు ఏం చేయాలన్నది పాలసీలో ఒక పేరా రాస్తే చాలదు. గేటు దగ్గర నిలబడిన సూపర్‌వైజర్ నోట్లో మాట సిద్ధంగా ఉండాలి. స్టాఫ్‌ను కూర్చోబెట్టి అచ్చంగా ఈ మాటలే పలికించాం: "నా దగ్గర నగదు ఉండదు సార్, ఇచ్చే అధికారం కూడ లేదు. ఏం కట్టాల్నో రాసియ్యుండ్రి, ఆఫీసోళ్లు ఆన్‌లైన్ల కడ్తరు." మర్యాద తగ్గకూడదు, గొంతు పెంచకూడదు, ఎదురు ఆరోపణ చేయకూడదు. ఆ తర్వాత గంటలోపు రిజిస్టర్‌లో రాయాలి. తేదీ, సమయం, వచ్చినవాళ్ల పేరు హోదా, ఆగి ఉన్న పని, దరఖాస్తు నంబరు, అన్న మాటలు అన్నట్టుగా, పక్కన ఉన్నవాళ్ల పేర్లు. "డబ్బులు అడిగారు" అని రాస్తే దేనికీ పనికిరాదు. "ఫైలు పైకి పోవాలంటే పది అయితది అన్నారు" అని రాయాలి. ఫోన్‌లో మాట్లాడితే రికార్డింగ్ ఉన్న అసలు ఫోన్‌ను అట్లాగే ఉంచాలి. వాట్సాప్‌లో పంపుకుని అసలుది చెరిపేస్తే సాక్ష్యం చిక్కుల్లో పడుతుంది. భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలంటే ఏ పరికరంలో రికార్డయిందో చెప్పగలగాలి. ఆ రోజే శాఖకు ఈమెయిల్ పెట్టాలి, ఆరోపణ ఏమీ లేకుండా, "మా దరఖాస్తులో ఇంకా ఏ కాగితం కావాలో రాతపూర్వకంగా తెలుపగలరు" అని. కదలకపోతే సమాచార హక్కు దరఖాస్తు, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు రావాలి. సగం ఫైళ్లు ఆ దరఖాస్తు అందిన దగ్గరే కదులుతాయి.

తప్పనిసరి పరిస్థితుల్లో ఇవ్వాల్సి వస్తే? చట్టం దీన్ని ఆలోచించింది. బలవంతం మీద ఇచ్చినవాడికి సెక్షన్ 8 వర్తించదు. కానీ ఇచ్చిన రోజు నుంచి 7 రోజుల్లోపు పోలీసుకో దర్యాప్తు సంస్థకో చెప్పాలి. మన దగ్గర దాదాపు ఎవరూ పాటించని నిబంధన ఇది. ఏడు రోజులు మౌనంగా ఉంటే బలవంతం చేశారన్న మాట నిలబడదు. 2018కి ముందు సెక్షన్ 24 అని ఒకటుండేది, ఇచ్చినవాడు తన వాంగ్మూలంలో ఒప్పుకున్నదాని మీద అతనిపై కేసు పెట్టకుండా కాపాడేది. ఇప్పుడది లేదు. అందుకని యూనిట్‌లో నియమం ఇట్లా పెట్టాం. మనిషికి ప్రాణభయం, శరీరానికి ముప్పు ఉన్నప్పుడు ఎవరూ మొండికేయవద్దు, ఇచ్చి బయటపడండి, అదే రోజు పార్ట్‌నర్‌కు చెప్పండి. మరునాడే ఫిర్యాదు పోవాలి, రసీదు తీసుకోవాలి. కంటైనర్ ఆలస్యమవుతుందన్న భయం బలవంతం కిందికి వస్తుందని అనుకోవద్దు.

ఏసీబీ, అంటే అవినీతి నిరోధక శాఖ, దగ్గరికి పోవడం గురించి జనంలో భయాలెక్కువ కాబట్టి ఆ విధానం స్టాఫ్‌కు విడిగా చెప్పాం. యూనిట్‌కు ఆ అవసరం రాలేదు. తెలంగాణ ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్‌లలో యూనిట్లున్నాయి. కస్టమ్స్, రైల్వే వంటి కేంద్ర ఉద్యోగులైతే సీబీఐకి చెప్పవచ్చు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. అడిగిన మాట నిజమేనా అని వాళ్లు సరిచూసుకుంటారు. కేసు నమోదు చేశాక, మధ్యవర్తులుగా ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగుల సమక్షంలో నోట్ల నంబర్లు రాసుకుంటారు, ఫినాఫ్తలీన్ పొడి పూస్తారు. ఇదంతా మొదటి మధ్యవర్తుల నివేదికలోకి ఎక్కుతుంది. ఆ నోట్లను అడిగిన తర్వాతే ఇవ్వాలి, అంతవరకు ఎవరూ ముట్టకూడదు. తీసుకున్నాక సైగ చేస్తే అధికారులు లోపలికి వస్తారు. సోడియం కార్బొనేట్ ద్రావణంలో చేతివేళ్లు ముంచితే గులాబీ రంగు వస్తుంది. అది రెండో నివేదిక. ఇట్లా ముందే చెప్పి ఇచ్చినవాళ్లకు సెక్షన్ 8 వర్తించదని చట్టంలోనే ఉంది. ఆ డబ్బును శాఖ తర్వాత తిరిగి ఇస్తుంది. కేసులు ఎక్కడ పడిపోతాయి? రంగు వచ్చినంత మాత్రాన శిక్ష పడదు, అడిగినట్టూ తీసుకున్నట్టూ రెండూ రుజువు కావాలి. ఫిర్యాదుదారు కంగారుపడి తనే "ఇగో సార్, మీ డబ్బులు" అని చేతిలో పెడితే అడిగిన మాట సాక్ష్యంలోకి రాదు. కోర్టుకొచ్చి మాట మార్చేవాళ్లతో ఇంకొన్ని పోతాయి. అయితే ఫిర్యాదుదారు చనిపోయినా ఎదురు తిరిగినా, చుట్టూ ఉన్న సాక్ష్యాలతో డిమాండ్‌ను రుజువు చేయవచ్చని 2022 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మొదటి రోజు రాసిన రిజిస్టర్‌కు ఇక్కడే విలువ.

బహుమతుల దగ్గర స్థానికంగా ఆలోచించాల్సి వచ్చింది. చట్టం చెప్పే అనుచిత లబ్ధి డబ్బొక్కటే కాదు. మేడారం జాతర వచ్చిందంటే "మా ఇంటోళ్లు దర్శనానికి పోతరట, ఒక బండి పంపుండ్రి" అన్న ఫోన్లు మొదలవుతాయి. యూనిట్ కారు, డ్రైవర్, డీజిల్, దారిలో భోజనాలు, బంగారంగా సమర్పించే బెల్లం దాకా, ఏదీ లంచంలా కనబడదు. కానీ ఆ ఇంటి మనిషి దగ్గర మన ఫైలు ఉన్నప్పుడు అది లబ్ధే. గణేశ్ చందా, దసరాకు చీరల పెట్టె, దీపావళి మిఠాయి కూడా ఇదే కొలతకు రావాలి. నియమం ఒకటే పెట్టాం. మన పని చూసే ఆఫీసులో ఎవరికీ, వాళ్ల ఇంటివాళ్లకూ ఏదీ ఇవ్వం. ఊరి గణేశ్ మండపానికి, బతుకమ్మ ఏర్పాట్లకు ఇవ్వాలనుకుంటే కమిటీ పేరున, చెక్కుతో, రసీదుతో ఇస్తాం. యూనిట్‌కు వచ్చిన అధికారికి టీ, మంచినీళ్లు, అక్కడి స్టాఫ్ తినే భోజనం మామూలు మర్యాద, దానికి అడ్డు చెప్పలేదు. బండ్ల కోసం వచ్చే ఫోన్లకు జవాబు చెప్పే పని మేనేజర్ మీద పెట్టలేదు, పార్ట్‌నరే చెప్పాలని నిర్ణయించాం. కాదనే మాట జీతగాడి నోట రావడం కష్టం.

నగదు పెట్టె 5,000కు కుదించాం. ఒక్కో ఓచర్ 500 దాటకూడదు, బిల్లు లేకపోతే ఎవరికి ఎందుకు అని రాసి ఇద్దరు సంతకం పెట్టాలి. సుండ్రీ పద్దును లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో మూసేశాం. ఏ ఖర్చయినా పేరున్న పద్దులోకే పోవాలి. మూడు నెలలకోసారి ఏవో 25 ఓచర్లు, 5 ఏజెంట్ బిల్లులు తీసి చలానాలతో సరిపోల్చే పని మా ఆఫీసుది. శిక్షణ తెలుగులో, మిషన్ల మీది కూలీలకు హిందీలో పెట్టి, హాజరు సంతకాలు తీసుకున్నాం. లోపల ఎవరైనా తప్పు చూస్తే చెప్పడానికి మేనేజర్‌తో సంబంధం లేని ఒక పార్ట్‌నర్ ఫోన్ నంబరు నోటీసు బోర్డు మీద ఉంది. వీటన్నిటికీ తేదీలుండాలి. కేసు వచ్చిన తర్వాత తయారైన కాగితం తగిన పద్ధతి అనిపించుకోదు.

పార్ట్‌నర్లు రాసిచ్చిన ఒక వాక్యం మాత్రం మిగతా కాగితాలన్నిటికన్నా బరువైనది. లంచం ఇవ్వనందుకు షిప్‌మెంట్ ఆలస్యమైతే, ఆర్డర్ పోయినా సరే, ఏ ఉద్యోగి జీతమూ బోనసూ తగ్గదు. ఈ మాట లేనిచోట ఎంత మంచి పాలసీ అయినా డిస్పాచ్ రోజు సాయంత్రం ఐదింటికి చిరిగిపోతుంది. పైవాళ్లు "ఎట్లనన్న చేసి పంపు" అన్న ఒక్క ఫోన్ చేస్తే చాలు, కింద ఉన్నవాడికి అర్థం కావాల్సింది అర్థమవుతుంది. అందుకని ఆ మాట వాడకూడదని వాళ్లకూ చెప్పాం, ఒప్పుకున్నారు. డెలివరీ తేదీలు ఒప్పుకునేటప్పుడు పోర్టు ఆలస్యానికి కొన్ని రోజులు కలుపుకోవడం కూడా అలవాటు చేశాం.

ప్రశ్నావళికి జవాబులు, ఒప్పందాల నకళ్లు, శిక్షణ హాజరు, క్యాలెండర్, ఓచర్ల తనిఖీ నివేదిక జతచేసి పంపాం. వాళ్ల నుంచి తిరిగి వచ్చిన ప్రశ్న ఒక్కటే: పోర్టులో మీ కస్టమ్స్ బ్రోకర్ కింద ఇంకెవరు పనిచేస్తారు? బ్రోకర్ బిల్లులో "హ్యాండ్లింగ్, ఇతరాలు" అన్న వరుస వాళ్ల కంట పడింది. బ్రోకర్‌తో మాట్లాడి ఆ వరుసను విడగొట్టించాం. పోర్టు ఛార్జీలు, ఫ్యూమిగేషన్ (పురుగులు చంపే పొగ మందు), షిప్పింగ్ లైన్ ఛార్జీలు, లేబర్, ఒక్కో దానికి రసీదు జత. రసీదు లేని మొత్తం ఉంటే బిల్లులోంచి కోసేసి మిగతాది కడతామని ఒప్పందంలో కలిపాం. కింద పనిచేసే ఇద్దరు సబ్ ఏజెంట్ల పేర్లు, జీఎస్టీ నంబర్లు ఆయన రాసిచ్చారు. ఆ కాగితం కూడా పంపించాక ఆర్డర్ ఖరారైంది. ఆ రసీదుల కట్ట ఇప్పుడు ప్రతి కంటైనర్ ఫైలులో ఉంటుంది, బ్రోకర్ బిల్లు పాస్ కావాలంటే ముందు అది రావాలి.